పంచాయితీ లేని యూళ్లు

ఊరనగా నేమి? నాలుగెల్లలు, ఒక చెరువు, నలుగురికి చెందిన కొంత ఉమ్మడి భూమి, నలుగురును గూడి మంచిచెడ్డలు మాటలాడుకొను ఒక రచ్చబండ. ఇవి గలచోటు ఎంత చిన్నదైనను ఊరే. ఇవి లేనిచోటు ఎంత పెద్దదైనను జనసమ్మర్దమే కాని ఊరు కాదు. హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతములలో వీథివీథిని లేచుచున్న అపార్టుమెంట్లను ఈ కొలతతో కొలిచి చూచినచో నొక విచిత్రము గోచరించును. ప్రతి అపార్టుమెంటునకును ఎల్లలు గలవు. పది కుటుంబములు మొదలు వందలకొలది కుటుంబముల వఱకు ఒకే నేలను, ఒకే బోరును, ఒకే మెట్లదారిని, ఒకే మిద్దెను ఆశ్రయించి బ్రదుకుచున్నవి. ఉమ్మడి యాస్తి గలదు. ఉమ్మడి వ్యయము గలదు. ఉమ్మడి చింతయు గలదు. లేనిది రచ్చబండ యొక్కటే. పంచాయితీ లేని యూరేమగునో మన దేశమున నెవ్వరికిని జెప్పవలసిన పని లేదు. బలవంతుడు దానిని పాలించును, తక్కినవారు గొణుగుకొందురు.

ఈ ప్రాంతము నిన్న మొన్నటి వఱకు పల్లెలే. ఉప్పల్ కలాన్ అను పేరు నేటికిని రెవెన్యూ కాగితములలో నున్నది. కలాననగా పెద్దది. మూసీ తీరమున నున్న భూములకు భగాయతని పేరు; అనగా తోటభూములని యర్థము. ఆ తోటభూములే నేడు నగరాభివృద్ధి సంస్థవారి లేఅవుట్టులై, 2019లో గజములలెక్కను వేలమునకు వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము ఈ వైపున మొదట వచ్చినవి విజ్ఞానశాలలు. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1977లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును ఏర్పడినవి. నాచారమున పారిశ్రామికవాడ వెలసినది, కార్మికులు వచ్చిరి, వారికొఱకు ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చినది. 2005లో ఉప్పల్ క్రీడామైదానమున అంతర్జాతీయ క్రికెట్టు పోటీ జరిగినది. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము మహానగరపాలక సంస్థలో లీనమైనది. 2017 నవంబరులో నాగోలు నుండి అమీరుపేట మీదుగా మియాపురమునకు మెట్రో రైలు నడచినది. 2025 జనవరిలో చేరువనే చర్లపల్లి రైల్వే టెర్మినలు ప్రారంభమైనది. ఇన్ని సౌకర్యములు గూడినచోట జనము చేరకుండుట యెట్లు? జనము చేరినచోట నేల వెల పెరుగకుండుట యెట్లు? నేల వెల పెరిగినచోట ఇల్లు నిలువుగా లేవకుండుట యెట్లు?

కావున అపార్టుమెంటు నివాసమే దోషమని వాదించువారితో మేమేకీభవింపజాలము. పెరడు, అరుగు, తులసికోట గల యింటిని తలచుకొని నిట్టూర్చుట సులభము. ఆ నిట్టూర్పునకు నేడు ఉప్పల్‌లో గజము వెల యెంతయో విచారించినచో, అది సామాన్య గృహస్థునకు అందని ద్రాక్షయని తెలియును. ఉపాధ్యాయుడు, గుమాస్తా, కర్మాగారములో మేస్త్రీ, కంపెనీలో రాత్రి పని చేసి వచ్చు యువతి — వీరికి నగరములో సొంత గూడనునది దొరకెనన్నచో అది అంతస్తులమీది గూడే. ఒంటరిగా నుండు వృద్ధ దంపతులకు ఇరుగు పొరుగు కూతవేటు దూరమున నుండుట చిన్న మేలు కాదు. పది కుటుంబములు పది స్థలములు ఆక్రమించుటకు మారుగా నొక్క స్థలమున నుండుటచే పొలములును చెరువులును కొంతవఱకైన మిగులును. మెట్రో స్టేషనునకు నడచి పోదగిన దూరమున ఎక్కువమంది నివసించుట రహదారికిని గాలికిని మేలే. అపార్టుమెంటు నిందింపదగినది కాదు. దానిని మనము కట్టుచున్న తీరును, అందులో మనము కాపురము చేయుచున్న తీరును విచారింపదగినవి.

మొదట లెక్క చూతము. అయిదువందల గజముల స్థలములో ఒక పాత పెంకుటిల్లో, డాబాయో యున్నదనుకొందము. అందొక కుటుంబము, అయిదారుగురు మనుష్యులు, ఒక స్కూటరు. ఆ స్థలము యజమాని దానిని బిల్డరునకు డెవలప్‌మెంటునకిచ్చెను. క్రింద వాహనములకు స్తంభముల నడుమ చోటు వదలి, పైన అయిదంతస్తులలో అంతస్తునకు రెండేసి చొప్పున పది ఫ్లాట్లు లేచినవి. నలుబదిమంది మనుష్యులు వచ్చిరి. పది కార్లు, పదునైదు స్కూటర్లు వచ్చినవి. కాని ఆ యింటిముందరి వీథి ఒక్క యంగుళము వెడల్పు కాలేదు. ఆ వీథి క్రింద మురుగు గొట్టము మునుపటిదే. స్నేహపురి, రాఘవేంద్రనగరు, హెచ్‌ఎంటీ నగరు మొదలగు కాలనీల వీథులు ఒంటి యిండ్లకొఱకు గీచినవి కాని బహుళాంతస్తులకొఱకు గీచినవి కావు. ఒక యింటి స్థానమున అపార్టుమెంటు వచ్చిన వీథికి భారము తెలియదు. వరుసగా ఇరువది యిండ్లు అట్లు మారినచో, ఆ వీథిలో అంబులెన్సు తిరుగుటకును, అగ్నిమాపక శకటము దూరుటకును చోటు మిగులదు. యజమానికిని బిల్డరునకును కలిగిన లాభము వారిద్దరిదే. వీథికి కలిగిన నష్టము అందఱిది. ఈ లెక్కను ఎవ్వరును కాగితముపై వేయకుండుటయే మన పట్టణ నిర్మాణములోని మొదటి లోపము.

రెండవది నీరు. ఆ పది కుటుంబములును దినమునకు కుటుంబమొక్కంటికి 500 లీటర్ల చొప్పున వాడినను, దినమునకు 5,000 లీటర్లు కావలయును. ఆ మిద్దె వైశాల్యము 250 చదరపు మీటర్లనుకొందము. హైదరాబాదున ఏటికి సగటున సుమారు 80 సెంటీమీటర్ల వాన కురియును. ఒక్క చుక్కయు పోనీక పట్టినను ఆ మిద్దెమీద ఏడాదికి దొరకునది 2,00,000 లీటర్లు. అనగా ఆ కాపురములకు నలుబది దినముల నీరు. మిగిలిన మూడువందల పైచిలుకు దినముల మాట యేమి? బోరు త్రవ్వుదురు. పొరుగు అపార్టుమెంటువారును త్రవ్వుదురు. భూగర్భములోని జలమునకు గోడలు లేవు. ఎవరి మోటారు బలమైనదో వారు త్రాగుదురు. వేసవి రాగానే బోరెండును, టాంకరు వచ్చును. టాంకరు నీరును ఎచటినుండియో తోడినదే కదా! నగరమునకు కృష్ణానది నీరు 2004 నుండియు, గోదావరి నీరు 2015 నుండియు, నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి పంపులతో ఎత్తిపోసి తెచ్చుచున్నారు. 2021 జనవరిలో కుటుంబమునకు నెలకు 20,000 లీటర్ల వఱకు ఉచితముగా నిచ్చు పథకము ప్రవేశపెట్టబడినది. ఉచితమని విన్న చెవికి మీటరు అను మాట వినబడలేదు. ఎవరెంత వాడుచున్నారో తెలియని యింట పొదుపు పుట్టదు. మొత్తము వ్యయమును ఫ్లాట్ల సంఖ్యచే భాగించి పంచుకొన్నంతకాలము, ఇద్దరున్న యింటివారు ఏడుగురున్న యింటివారి నీటికి వెల చెల్లించుచునే యుందురు; జగడము మెట్లమీద జరుగుచునే యుండును.

ఇంకుడుగుంతలు త్రవ్వవలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము నాటినుండియు వినుచున్నాము. నలుబది దినముల నీటికై ఈ శ్రమ యెందుకని కొందఱందురు. ఈ వాదము సరికాదు. ఆ నీటిని ఇంకింపకున్నచో అది యెచటికి పోవును? వీథిలోనికి, వీథినుండి నాలాలోనికి, నాలానుండి పల్లమున నున్న పేదవాని గడపలోనికి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానను ఈ ప్రాంతమువారు మఱవలేదు. చేరువనున్న ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్ల వాన పడినది. రామంతాపురము, హబ్సిగూడ, ఉప్పల్ పల్లపువాడలలో ఇండ్లు నీట మునిగినవి. మేఘమును నిందించుట తేలిక. కాని మునుపు ఆ నీటిని త్రాగుటకు ఉప్పల్ నల్లచెరువు, నాచారము పెద్దచెరువు, రామంతాపురము చెరువులు ఒకదానికొకటి అలుగు కలుపుకొని యుండెడివి. అలుగుదారులపై ఇండ్లు లేచినవి. శిఖము భూములు ప్లాట్లైనవి. మిగిలిన నీటిలో మన మురుగు కలిసినది. పైన చెప్పిన యొక్క అపార్టుమెంటునుండియే దినమునకు నాలుగువేల లీటర్ల మురుగు బయలుదేరును. అది శుద్ధి కేంద్రమునకు పోవుచున్నదో, చెరువునకు పోవుచున్నదో ఆ యింటివారిలో నొక్కరైనను విచారించిరా? చెరువుగట్టున నున్న ఫ్లాటునకు చెరువు కనబడుటచే నెక్కువ వెల. ఆ ఫ్లాటు మురుగుచేతనే చెరువు చచ్చుట! కొమ్మపై గూర్చుండి ఆ కొమ్మనే నరుకు వాని కథకు దీనికన్న మంచి యుదాహరణము దొరకునా?

చచ్చిన చెరువు మరల బ్రదుకదని నిరాశ చెందవలసిన పని లేదు. కొలది దూరముననే అంబరుపేటలోని బతుకమ్మకుంట, కనుమఱుగై పోయినదనుకొన్నది, 2025లో పూడిక తీయబడి నీటితో నిండినది. ప్రజలు పట్టుబట్టిరి, అధికారులు కదలిరి, కుంట మరల కుంటయైనది. నాచారమువారు, ఉప్పల్‌వారు పట్టుబట్టరాదా?

మూడవది హక్కుల సంగతి. ఫ్లాటు కొన్న గృహస్థు తాను కొన్నదేమో యెఱిగియుండవలెను. నాలుగు గోడల నడిమి గాలినే కొన్నానని యాతడనుకొనుచున్నాడు. నిజమునకు ఆతడు కొన్న దానిలో కాలము గడచినకొలది విలువ పెరుగునది నేలలోని విభజింపని భాగము ఒక్కటే. గోడలు నానాటికి పాతబడును, నేల పాతబడదు. అయిదువందల గజములలో పది ఫ్లాట్లున్నచో ఒక్కొక్క ఫ్లాటునకు ఇంచుమించు ఏబది గజములు రావలెను. దస్తావేజులో ముప్పదియే వ్రాసి, తక్కినది తన పేరనో, మిద్దెపై కట్టిన పెంట్‌హౌసు పేరనో మిగుల్చుకొన్న నిర్మాతలు లేకపోలేదు. తొంబదులలో కట్టిన భవనములకు నేడు ముప్పది యేండ్లు నిండినవి. ఇంకొక ఇరువది యేండ్లకు వానిని కూల్చి కట్టవలసిన దినము వచ్చును. ఆనాడు గోడలు పోయి నేల మిగిలినప్పుడు, ఎవని భాగమెంతయని తగవు పుట్టక మానదు. తండ్రి కొన్న ఫ్లాటునకు కుమారుడు న్యాయస్థానమున తిరుగవలసి యుండును. దస్తావేజు చదువుటకు ఆ దినమువఱకు ఆగుట వివేకము కాదు.

చట్టము లేదా? ఉన్నది. 1987లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అపార్టుమెంట్ల చట్టము వచ్చినది. యజమానులు సంఘముగా నేర్పడి ఉమ్మడి యాస్తిని నిర్వహించుకొనవలెనని యది నిర్దేశించినది. 2016లో పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ చట్టమును చేసినది; ప్రజలు దానిని రెరా యందురు. కొనుగోలుదారులనుండి వసూలైన సొమ్ములో నూటికి డెబ్బదివంతులు ఆ నిర్మాణము కొఱకే ప్రత్యేకపు ఖాతాలో నుంచవలెననియు, స్వాధీనము చేసినది మొదలు అయిదేండ్లలో కట్టడపు లోపము బయటపడినచో నిర్మాతయే వ్యయము పుచ్చుకొనక సరిచేయవలెననియు ఆ చట్టము శాసించినది. మిద్దెలు, ఉమ్మడి సెల్లారులు, తోటలు, ఆరుబయటి వాహనస్థలములు ఉమ్మడి యాస్తియని స్పష్టముగా జెప్పినది. అంతకు మునుపే, 2010లో, స్తంభముల నడిమి వాహనస్థలమును వేరొక ఫ్లాటువలె అమ్ముకొనుటకు నిర్మాతకు హక్కు లేదని బొంబాయినుండి వచ్చిన యొక వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను కారు నిలుపు చోటునకు వేరుగా లక్షలు పుచ్చుకొనుట మన నగరమున వింత కాదు.

అయితే ఈ చట్టపు వలకు పెద్ద కన్నొకటి గలదు. 500 చదరపు మీటర్లు మించని స్థలమునకు గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లకు గాని రెరా నమోదు నిర్బంధము లేదు. అయిదువందల గజములనగా 418 చదరపు మీటర్లే. కాలనీల వీథులలో ఒంటి యిండ్లను పడగొట్టి కట్టుచున్న చిన్న అపార్టుమెంట్లన్నియు ఈ కన్నములోనుండి జారిపోవుచున్నవి. తెలంగాణమున 2017 జనవరికి మునుపు అనుమతి పొందిన కట్టడములకును ఈ నమోదు వర్తింపదు. కోటలవంటి టవర్లలో కొన్నవానికి చట్టము కొంత యండ. సామాన్యుడు కొనునట్టి చిన్న భవనమునకు నిర్మాత మాటయే చట్టము. ఎవనికి రక్షణ యెక్కువ కావలయునో వానికే అది తక్కువగా నున్నది. శాసనకర్తలు ఈ పరిమితిని తగ్గించుట న్యాయము.

ఇక అధికారుల తీరు. అనుమతి లేక కట్టిన అంతస్తును రుసుము పుచ్చుకొని క్రమబద్ధము చేయు పథకము 2007 చివర నొకటి వచ్చినది. 2015లో మరల నొకటి వచ్చి న్యాయస్థానములో చిక్కుకొన్నది. తప్పు చేసినవాడు రుసుము కట్టి ఒప్పైపోవునని ఒక్కసారి తెలిసినచో, ఒప్పు చేయువాడు వెఱ్ఱివాడగును. నిబంధన పాటించి నలువైపుల చోటు వదలినవానికి బహుమానము లేదు. వదలనివానికి రసీదు దొరకినది. ఇట్టి పథకములు ఖజానాకు కొంత సొమ్ము తెచ్చియుండవచ్చును. ఆ సొమ్మునకు మనము చెల్లించిన వెల చట్టముపై గల గౌరవము.

ప్రభుత్వము, నిర్మాత, అధికారి — వీరినందఱిని నిందించిన పిమ్మట మిగిలినది మనమే. ఇచటనే మా ముఖ్యవాదము. అపార్టుమెంటునకు సంఘమున్నదని కాగితము చెప్పును. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి యను మూడు పేళ్లు గోడమీద నుండును. సమావేశమునకు వచ్చువారు నలుగురు. మిగిలినవారు ఫోనులోని వాట్సప్పు బృందమున కోపము ప్రదర్శించి కర్తవ్యము తీరినదనుకొందురు. లెక్కలడిగినవాడు తగవులమారి, లెక్కలు చూపనివాడు పెద్దమనిషి. లిఫ్టు ఆగిన దినమున మాత్రము అందఱికిని ప్రజాస్వామ్యము గుర్తునకు వచ్చును. మొదటి యంతస్తువాడు లిఫ్టు వ్యయము తనకేలయనును. అయిదవ యంతస్తువాడు సెల్లారులోని నీరు తనకేలయనును. శరీరములో కాలికి పుండైనచో కంటికి నిద్ర వచ్చునా? పునాది తడిసిన భవనమున పై యంతస్తు పొడిగా నిలుచునా? దేశమునకు స్వపరిపాలన కావలెనని ఒక తరమువారు చెఱసాలలు నింపిరి. ఆ స్వపరిపాలనను పది కుటుంబములు తమ మెట్లదారిలో నడపుకొనలేకపోయినచో, శాసనసభలో అది సరిగా నడచుటలేదని విమర్శించు హక్కు మనకెక్కడిది?

సంఘమునకు మనస్సు కూడ నుండవలెను. పాలమూరు, నల్లగొండ, శ్రీకాకుళము మొదలగు జిల్లాలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబము వాచ్‌మను పేర మెట్ల క్రింది యొంటి గదిలో నుండును. భర్త మోటారు వేయును. భార్య నాలుగిండ్లలో పాత్రలు తోమును. పిల్లలు కార్ల నడుమ చదువుకొందురు. కాపలావారి నివాసస్థలము కూడ ఉమ్మడి సౌకర్యములలోనిదేయని 2016 చట్టము లెక్కించినది. అయినను మన నిర్మాణములలో ఆ గదికి కిటికీ యుండదు. కొన్నియెడల మరుగుదొడ్డియు నుండదు. పది కుటుంబముల తలుపులు కాయువానికి తన తలుపు సరిగా లేకుండుట ఆ పది కుటుంబములకును అవమానము కాదా? వారమునకొక దినము సెలవు, కనీస వేతనము, గాలి వెలుతురు గల గది — ఇవి దానములు కావు. వాని పనికి వెల.

అద్దెకున్నవారి సంగతియు నిట్టిదే. అనేక భవనములలో యజమానులు అమెరికాలోనో, నగరపు పడమటి దిక్కుననో యుందురు. నిజముగా నివసించువారు అద్దెవారు. నీరు, చెత్త, భద్రత వీరి దినచర్య. కాని సమావేశమున వీరికి పీట లేదు. ఆస్తి యమ్మకము, పునర్నిర్మాణము మొదలగు విషయములలో యజమాని మాటయే చెల్లుట సహజము. నిత్యనివాస విషయములలో నివసించువాని మాటకు విలువ లేకుండుట అసహజము. అంతకన్న గర్హ్యమైనది మఱియొకటి. మీదే కులము, మీరేమి తిందురు, మీదే మతము అని యడిగి, ఉత్తరము నచ్చక “ఇల్లు ఖాళీ లేదు” అని చెప్పుట. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు, కర్మాగారములో కార్మికుడు, ఆసుపత్రిలో నర్సు — ఎల్లవారును గూడి నిర్మించిన యీ పేట తలుపులు కొందఱికి మాత్రమే తెరచుట న్యాయమా? ఊరి వెలుపల వాడలను నిలిపిన పాపమును గోడ కట్టి, లిఫ్టు పెట్టి, నిలువుగా మరల నిలుపుదుమా?

ఈ సందర్భమున పెద్ద ప్రశ్న యొకటి ముందున్నది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము, బాహ్యవలయ రహదారి లోపలను దాని చేరువను గల పాత పారిశ్రామికవాడల భూములను, రిజిస్ట్రేషను విలువలో కొంత శాతము చెల్లించినమీదట, నివాస వాణిజ్యాది బహుళోపయోగములకు మార్చుకొననిచ్చు విధానమును తెచ్చినది. ప్రతిపక్షములు దానిని తీవ్రముగా విమర్శించినవి. రాజకీయముల మాట యటుంచి, నాచారమువంటి వాడకు దీని యర్థమేమో యోచింతము. కర్మాగారపు పొగ నివాసముల నడుమనుండి తొలగుట మంచిదే. కాని ఆ భూములు ఒకనాడు పదిమందికి పని కల్పించుటకని పరిశ్రమలకీయబడినవి. పని పోయి భూమి మాత్రము మిగిలినచోట ఆకాశమునంటు సౌధములు లేచినచో, లాభము పట్టాదారునకును నిర్మాతకును చేరును. వీథి, నీరు, మురుగు భారములు పాత కాపురస్థులకు చేరును. నిన్నటి వఱకు అచట యంత్రము త్రిప్పిన కార్మికునకు ఘట్‌కేసరు దాటి అద్దె యిల్లు వెదకుకొనుట మిగులును. మార్పు తప్పనిసరియైనచో, మార్చిన ప్రతి భూమిలో కొంత బడికిని, కొంత తోటకును, కొంత అల్పాదాయులు కొనదగిన యిండ్లకును నిర్బంధముగా విడువవలెను. చెరువుల యెల్లలు ముందుగా గుర్తించి రాళ్లు పాతవలెను. వచ్చిన రుసుములో కొంత భాగమును ఆ వాడ మురుగునీటికిని రహదారులకునే వెచ్చింపవలెను. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి వంతెనదారి పని ఏండ్ల తరబడి సాగి జనమును దుమ్ములో నడిపించినది. జనము ముందు వచ్చి దారి వెనుక వచ్చుట యెట్లుండునో ఆ మార్గమున పోయినవారందఱెఱుగుదురు. ఆ తప్పిదము నాచారమున మరల జరుగరాదు.

భూవసతి గల మా పాఠకులకొక మనవి. మీ స్థలమును డెవలప్‌మెంటునకిచ్చునప్పుడు మీ వాటా ఎన్ని ఫ్లాట్లని మాత్రమే బేరమాడకుడు. చుట్టును వదలవలసిన చోటు వదలుట, ఇంకుడుగుంత త్రవ్వుట, ఇంటింటికి నీటి మీటరు పెట్టుట, కాపలావానికి కిటికీ గల గది కట్టుట, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చిన పిమ్మటనే గృహప్రవేశము చేయుట — ఈ అయిదును ఒప్పందములో వ్రాయింపుడు. మీ తాతలు త్రవ్వించిన బావికి వారి పేరు నిలిచినది. మీరు కట్టించిన మేడకు మీ పేరు ఎట్లు నిలువవలెనో మీరే నిర్ణయించుకొనుడు.

ఫ్లాటు కొని కాపురముండు పట్టణవాసులకు మఱియొక మనవి. మూడు నెలలకొకసారియైన సమావేశమునకు రండు. పెద్ద మరమ్మతులకై నెలనెల కొంత నిధి కూడబెట్టుడు. వరవుసెలవులు గోడమీద నంటింపుడు. దస్తావేజులు బయటకు తీసి నేలలోని భాగములన్నియు గూడి నూటికి నూరగుచున్నవో లేదో లెక్క వేయుడు. మీ మురుగు ఎచటికి పోవుచున్నదో నగరపాలకులను వ్రాతమూలకముగా నడుగుడు. ఒక భవనమువారడిగిన వినిపింపకపోవచ్చును. ఒక వీథిలోని ఇరువది భవనముల సంఘములు గూడి యడిగినచో వినిపించి తీరును. వీథికొక సమాఖ్య, వాడకొక సమాఖ్య ఏర్పడినచో, ఎన్నికలనాడు ఓటడుగ వచ్చు నాయకునకు ఏమి యడుగవలెనో మీకును, ఏమి చెప్పవలెనో ఆతనికిని స్పష్టముగా దెలియును.

ఉప్పల్, నాచారములు ఇక పల్లెలు కాజాలవు, కానక్కఱయు లేదు. పల్లెలోని దారిద్ర్యమును, భేదములను వెనుకకు తెచ్చుకొన నెవరును కోరరు. కాని పల్లె నేర్పిన పాఠమొకటి పట్టణమునకును బనికివచ్చును. చెరువు గట్టు తెగినచో పైపొలమువాడును, క్రిందిపొలమువాడును గంప తట్ట పట్టుకొని కలసి పరుగెత్తెడివారు. ఏలయన నీరు పోయినచో ఇద్దరికిని పంట పోవునని వారెఱుగుదురు. నేడు మన చెరువు మిద్దెమీది టాంకీ. మన గట్టు సెల్లారు గోడ. మన పొలము దస్తావేజులోని ఏబది గజములు. గోడలు పంచుకొన్నవారు బాధ్యతయు పంచుకొన్ననాడే అవి యిండ్లగును, ఆ యిండ్లు ఊరగును.